వాగు కన్నా ముందు

మా ఆయన హుస్సేన్ వలికి ఆకాశం పిచ్చి. తాగుడో పేకాటో అయితే నలుగురిని కూర్చోబెట్టి పంచాయితీ అయినా పెట్టించేదాన్ని. ఈ పిచ్చి గురించి ఎవరితో చెప్పుకోను? పొద్దున లేస్తూనే మిద్దె ఎక్కి మబ్బులు చూస్తాడు. దిగివచ్చి ఫోనులో ఉపగ్రహం తీసిన బొమ్మలు చూస్తాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, చుట్టుపక్కల రైతుల వాట్సాప్ గ్రూపులన్నిటికీ ఈరోజు వాన ఉందో లేదో వాయిస్ మెసేజ్ పెడతాడు. ఈలోగా టీ చల్లారిపోతుంది. మళ్ళీ వేడి చేయాల్సింది నేనే.

ఆళ్ళగడ్డలో మాది పరుపుల అంగడి. వెనకే ఇల్లు. దూది ఏకడం మా వాళ్ళకు తాతల నాటి పని. గాలిలో తేమ పెరిగితే దూది ముద్దలు కట్టి మిషనులో చిక్కుకుంటుంది, అందుకని వాన సంగతి ముందే తెలుసుకోవాలన్న యావ ఆయనకు మొదటి నుంచీ ఉండేది. అది ముదిరింది మాత్రం నంద్యాలలో. ఒకసారి పత్తి కొనడానికి పోయినవాడు, అక్కడ రైతులకు ఎవరో వాతావరణం మీద పాఠం చెబుతుంటే వెనక బెంచీ మీద కూర్చున్నాడట. కొన్ని వందల ఏళ్ళ కిందట యూరప్‌లో ఒక మతగురువు, త్రాసులో ఒక పక్క ఉన్ని, ఇంకో పక్క రాళ్ళు పెట్టి చూడమన్నాడట. గాలిలోని తేమ తాగి ఉన్ని బరువెక్కితే త్రాసు అటు వంగుతుంది. అంతే, గాలిలో తడి ఎంతో తెలిసిపోతుంది.

"ఏమే నస్రీన్, ఇది మన పనే! మా జేజినాయన వానాకాలం దూది తూకం వేరే, ఎండాకాలం తూకం వేరే అంటాండె సూడు," అంటూ ఇంటికి వచ్చీ రాగానే అంగట్లో త్రాసు వేలాడదీశాడు. ఒక పళ్ళెంలో దూది, ఇంకో పళ్ళెంలో గులకరాళ్ళు. పరుపు కొనడానికి వచ్చినవాళ్ళు అది చూసి, మేము దూదిని విడిగా తూచి అమ్ముతున్నామనుకుని బేరం మొదలుపెట్టేవాళ్ళు.

ఇక అన్నం దగ్గర కూడా ఈ చరిత్రే. ఫ్రాన్సులో ఒకాయన, గాలికి బరువు ఉందో లేదో తేల్చుకోవడానికి పాదరసం గొట్టం చేతికిచ్చి తన అక్క మొగుడిని కొండ ఎక్కించాడని చెప్పాడు. ఇంటి అల్లుడికి చెప్పే పనేనా అది అన్నాను నేను. తంతి, అదే టెలిగ్రాఫు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన అన్నం కలపడం కూడా మర్చిపోతాడు. తంతి రాకముందు గాలివాన కన్నా వేగంగా పోయే కబురే లేదట. గుర్రం మీద మనిషి బయలుదేరినా వాన వాడిని దాటిపోయేది. తంతి తీగలు వేశాక మొదటిసారి కబురు గాలివానను దాటింది. ఒకే వేళకు ఊరూరా ఏం గాలి వీస్తోంది, ఏం మబ్బు పట్టింది అని తెప్పించుకుని, అన్నిటినీ ఒకే పటం మీద పెట్టి చూశారు. ఒక ఊరి ఆకాశాన్ని పక్క ఊరి వాళ్ళు ముందే చూడగలిగారు. వాతావరణ శాస్త్రం అసలు అప్పుడే కళ్ళు తెరిచిందంటాడు మా ఆయన.

దొరల కాలంలో మన సీమలో ధాత కరువు వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు కదా, ఆ తర్వాతే దొరలు హిమాలయాల మీద మంచు ఎంత కురిసిందో చూసి వానలు ముందుగా చెప్పే ప్రయత్నం గట్టిగా పెట్టుకున్నారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది. అప్పుడు నేనూ ఎగతాళి చేయను. ఇంకొక కథ మాత్రం నా ముందు ఎత్తవద్దని ఒట్టు పెట్టించుకున్నాను. ఇంగ్లండులో మొట్టమొదట పత్రికల్లో వాతావరణం ముందుగా చెప్పిన నౌకాదళం అధికారి కథ అది. చెప్పింది తప్పినప్పుడల్లా జనం నవ్వారట, చివరికి ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడట. ఈయన కూడా వాన మాట ఒక్కసారి తప్పితే సరిగా తినడు, పడుకోడు. అందుకే ఆ కథంటే నాకు భయం.

ఈ పిచ్చిలో ఈయనకు జోడీ అహోబిలం చక్రపాణి స్వామి. గుడి సేవలో ఉంటాడు. ఉత్సవాల పల్లకిలో వేసే దిండ్లు మా ఆయనే కుడతాడు, అట్లా కలిసింది స్నేహం. మబ్బులు కడుపుతో ఉండి ఆరున్నర నెలలకు వానను కంటాయని వరాహమిహిరుడు ఎప్పుడో రాసిపెట్టాడు అంటాడు స్వామి. "అది నెలలు నిండని కాన్పు స్వామీ, అందుకే మన వానలు ఇట్ల నీరసంగ ఉండాయి," అంటాడు మా ఆయన. ఇద్దరూ పోట్లాడుకుంటారు కానీ, కొండ మీద వాన మొదలైతే స్వామి మొదటి ఫోను మాకే చేస్తాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు మా ఆయన నంద్యాలలో ఒక కాలేజీకి పోయాడు. వాతావరణ శాస్త్రం ఎట్లా పుట్టి పెరిగిందో పిల్లలకు చెప్పమని పిలిచారు. పదో తరగతి దాటని మనిషిని మైకు ముందు నిలబెడుతున్నారంటే ఇంట్లో పండగే. మా అత్త అజీజున్నీసా తెల్ల చొక్కా తానే ఇస్త్రీ చేసింది. బస్సు ఎక్కే ముందు కూడా ఆయన మెసేజ్ మానలేదు. "నల్లమల కొండల్లో ఈ పొద్దు పెద్ద వాన ఉంటాది. మనకాడ ఎండ కాస్తాది, మోసపోవద్దండి. ఎవురూ వాగులు దాటొద్దు," అని చెప్పి పోయాడు.

మా చెల్లెలు గౌసియా అది విన్నది. దాని మొగుడు బెలుం గుహల దగ్గర చిన్న అంగడి పెట్టుకుని అక్కడే ఉంటాడు. అది పత్తి ఏరే కాలంలో చంటివాడు సమీర్‌ను నా దగ్గర వదిలి కూలికి పోతుంది. ఆ పొద్దు కూడా వాడికి పాలిచ్చి, నా ఒళ్ళో వేసి, "వాగుకు ఇవతల చేనులోనే అక్కా పని. బావ చెప్పినాక అవతలికి ఎవురు పోతారు," అని నవ్వుతూ ఆటో ఎక్కింది. ఆ చేలు గుట్టకొట్టాల అనే పల్లె పక్కన ఉన్నాయి. పల్లెను ఆనుకుని అహోబిలం కొండల నుంచి వచ్చే వాగు. వాగు మీద వంతెన లేదు, నేలబారు చప్టా ఒకటి ఉంది. వాగు వస్తే చప్టా మీదనే పోతుంది.

పొద్దు బాగా ఎక్కింది. ఎండ మండుతోంది. పూలమ్మే అంకమ్మ అంగట్లోకి వచ్చి కూర్చుంది.

"మీ ఆయన మాటంటే మాటే నస్రీనూ. ఎండ సూడు, ఎట్ల కాస్తాండాదో," అంటూ ఫోను నొక్కింది.

మా ఆయన గొంతే. హుషారుగా ఉంది. "అక్కా చెల్లెండ్లారా, ఈ పొద్దు చుక్క వాన పడదు. వాగులో కూడా నీళ్ళు ల్యావు. ధైర్యంగా పోయి పత్తి ఏరుకోండి!" చివర్లో ఒక నవ్వు.

నా చేతిలో సూది ఆగిపోయింది. పొద్దున ఆయన చెప్పింది ఇది కాదు. ఫోను లాక్కుని మళ్ళీ విన్నాను. ఆ నవ్వు నాకు గుర్తుంది. పోయిన ఏడాది ఆయన అది చెబుతుంటే పక్కన నేను గిన్నె జారవిడిచాను, అందుకు నవ్వాడు. పాత మెసేజ్. కానీ ఫోనులో అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా కొత్తగా ఉన్నది అదే. పొద్దుటి మాట ఎక్కడో పైకి పోయింది.

"అత్తా!" అని కేకేశాను. "ఇది ఎవురు పంపింది?"

మా అత్త చేతులు తుడుచుకుంటూ నవ్వు మొహంతో వచ్చింది. "నేనే పంపినా. నా కొడుకు ఈ పొద్దు పెద్దోళ్ళ ముందర మాట్లాడతాండాడు కదా. వాని గొంతు నలుగురూ ఇంటారని. అన్నిట్లో ఇదే నాకు ఇష్టం. నవ్వుతాడు సూడు ఆఖర్న."

"యాడికి పంపినావ్?"

"నా ఫోనులోనుంచే, వాడు పంపేటివి అన్నిట్లకూ పంపినా. అంకమ్మ మనమరాలు నేర్పించింది."

నేను ఏం తిట్టానో నాకే తెలియదు. మా అత్త మొహంలో నవ్వు ఇంకా పోలేదు, తాను చేసింది ఏమిటో ఇంకా అర్థం కాలేదు. ఆమెకు అది కొడుకు గొంతు. ఎప్పటిదైతేనేం? ఫోటోకు ఏడాది ముదిరితే ఎవరైనా పారేస్తారా? అట్లాగే అనుకుంది. ఊరికేమో అది ఈరోజు ఆకాశం.

గౌసియాకు ఫోను చేశాను. అందుబాటులో లేదంది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే మాట. వాగు ఇవతల చేనుల్లో ఫోను పనిచేస్తుంది. అవతల గుట్ట మరుగున పనిచేయదు. చేను గలామె జయలక్ష్మికి చేశాను.

"అవును, అవతలి చేనుకు పంపినా," అంది ఆమె తాపీగా. "పొద్దున వద్దన్యాడు, మళ్ళా చుక్క వాన పడదు పొమ్మన్యాడు కదా మీ ఆయన. ఆడ పత్తి తెల్లగ ఇచ్చుకోని ఉండాది. వానకు తడిస్తే నల్లబడి ఎవురు కొంటారు? జయరాజు ఆటోలో అందర్నీ దాటించినాడు."

"అది పాతది జయలక్ష్మక్కా! పోయిన ఏడాదిది!"

"మీ ఆయన గొంతే కదమ్మా," అంది ఆమె.

మా ఆయనకు చేస్తే మోగుతోంది, ఎత్తడు. వేదిక మీద ఉన్నాడు, ఫోను చప్పుడు రాకుండా చేసి జేబులో పెట్టుకుని ఉంటాడు. కబురు గాలివాన కన్నా ముందు పోవాలని అక్కడ పిల్లలకు చెబుతుంటాడు. నేను ఇక్కడ గోడకు తల కొట్టుకోవాలి. అంతలో ఫోను మోగింది. ఆయనే అనుకున్నాను. చక్రపాణి స్వామి.

"అమ్మా నస్రీన్, హుస్సేను ఎత్తడం లేదు. ఎగువన కుండపోతగా కురుస్తాంది. తెల్లారినప్పటి నుంచి పట్టిన వాన వదల్లేదు. వాగు కట్టలు తెంచుకోని దిగతాండాది. కింద ఊర్లకు చెప్పండమ్మా."

"ఎంతసేపట్లో వస్తాది స్వామీ ఈడికి?"

"అది నేను చెప్పలేను తల్లీ. మధ్యలో కుంటలుండాయి. నిండాలి, పొర్లాలి. వచ్చేది మాత్రం నిజం."

అది పాత మెసేజ్ అని గ్రూపుల్లో చెప్పమని అంకమ్మకు చెప్పి, అంగడి మూయకుండానే స్కూటీ తీశాను. అత్త చంటివాడిని ఎత్తుకుని వెనక కూర్చుంది. ఆమెను ఇంట్లో ఉండమనడానికి కూడా నాకు తోచలేదు. దారంతా ఆమె ఒకటే గొణుగుడు, "యా అల్లా, యా అల్లా". నాకు కోపం, భయం కలిసి ఏది ఏదో తెలియడం లేదు. నెత్తి మీద ఎండ. రోడ్డు పక్కన మొక్కజొన్న ఆరబోసుకుని జనం నింపాదిగా కూర్చున్నారు. వాళ్ళందరూ మా ఆయన నవ్వు విన్నవాళ్ళే.

గుట్టకొట్టాల దాటి వాగు దగ్గర ఆపాను. చప్టా ఎండిపోయి ఉంది. కింద ఇసుకలో సన్నటి నీటి చాలు. అవతల దూరంగా తెల్లటి చేను, అందులో రంగు రంగుల చీరలు కదులుతున్నాయి. అందులో పసుపు రంగుది మా గౌసియా. పిలిస్తే వినపడేంత దగ్గర కాదు. కానీ స్కూటీ మీద దాటి పోతే ఎంతసేపు? ఒక్క ఊపిరిలో పోయి, దాన్ని వెనక ఎక్కించుకుని రావచ్చు. అత్తను దిగమన్నాను. అప్పుడు మోగింది ఫోను. మా ఆయన.

గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను.

"నస్రీన్," అన్నాడు, "చప్టా మింద కాలు పెట్టొద్దు."

"ఎండినట్ల ఉండాదయ్యా! నా కండ్లతో సూస్తాండా! వాళ్ళని రమ్మంటే చిటికెలో దాటతారు."

"నీ కండ్లకు కనపడేది ఇప్పటి వాగు. స్వామి సూసిన వాగు దారిలో ఉండాది. అది ఎప్పుడొస్తాదో నాకు తెలీదు. తెలిసింటే చెప్తా. తెలీనప్పుడు దాటమని ఎట్ల చెప్పేది? ఆటోలో అంతమంది ఆడోళ్ళు చప్టా నడిమధ్యన ఉన్నప్పుడు వచ్చిందనుకో."

"ఆడుంటే చేను మునగదా?"

"చేను ఎనక గుట్ట ఉండాది. ఎక్కమను. దాటొద్దను. మసీదు మైకుంది కదా, ఆడికి పో. బేగా పో. నేను చెప్తే నమ్మరు. ఈ పొద్దు నా గొంతు పనికిరాదు. నువ్వు చెప్పు."

మసీదు పల్లె చివర, వాగు గట్టుకు దగ్గరే. దాన్ని చూసుకునే అన్వర్ అన్న విషయం వినగానే మైకు పట్టుకున్నాడు. "వాగు వస్తాండాది, అవతలోళ్ళు గుట్ట ఎక్కండి, దాటొద్దండి," అని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. గుమ్మంలో నిలబడి చూశాను. చీరలు ఒక క్షణం ఆగాయి. ఒకామె నడుము ఎత్తి ఆకాశం వంక చూసింది. ఆకాశం నీలంగా ఉంది. మళ్ళీ వంగింది. అందరూ వంగారు. ఆటో జయరాజు అయితే నీడలో పడుకున్నవాడు లేవనైనా లేవలేదు.

"అన్నా, మైకు ఇట్లియ్యి," అన్నాను.

అన్వర్ అన్న తటపటాయించాడు. ఆ మైకులో ఆడమనిషి మాట్లాడింది ఎప్పుడూ లేదు. నా మొహం చూశాడు, వెనక మా అత్త మొహం చూశాడు, మైకు నా చేతికి ఇచ్చి తాను బయటికి వచ్చి నిలబడ్డాడు.

"గౌసియా! నేను, నస్రీన్‌ను. మసీదులో ఉండా. ఇది ఇప్పుడు మాట్లాడతాండా, ఫోనుది కాదు. మీరు ఇన్నది పోయిన ఏడాదిది. మా అత్త తెలీక పంపింది. అహోబిలం కొండల్లో పొద్దట్నుంచి వాన. స్వామి ఫోను చేసినాడు. వాగు వస్తాండాది. దాటొద్దండి, గుట్ట ఎక్కండి."

చీరలు నిటారుగా నిలబడ్డాయి. ఒకరి దగ్గరికి ఒకరు చేరారు. నమ్ముతున్నారు అనుకున్నాను. అప్పుడే సమీర్ ఏడుపు అందుకున్నాడు. పాలవేళ దాటిపోయింది, ఎండకు వచ్చాడు, కొత్త చోటు. మా అత్త ఊపుతోంది, వాడు ఆగడు. గుక్కపెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు మైకులో పడి వాగు దాటిపోయింది.

పసుపు చీర ఒడిలోని పత్తి అక్కడే జారవిడిచి పరుగెత్తింది. గుట్ట వైపు కాదు, చప్టా వైపు.

"రావద్దు! గౌసియా, రావద్దే!" అని అరిచాను. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. మైకు ఆపేస్తే నా మాట పోదు. ఆపకపోతే వాడి ఏడుపు పోతుంది. "అత్తా, వాన్ని అవతలికి తీస్కపో!" అంటే ఆమె వాడిని గుండెకు అదుముకుని అక్కడే కూలబడింది. "రావద్దు! నీ కాళ్ళు ఇరగ్గొడతా! వాడు బాగుండాడు, ఆకలికి ఏడుస్తాండాడు, అంతే! ఆడనే ఉండు!"

అది చప్టా అంచుకు వచ్చి నిలబడింది. ఎండిపోయిన చప్టా. ఇవతల నేను. అంత దూరం నుంచి దాని మొహం కనపడలేదు కానీ చేతులు కనపడుతున్నాయి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. దాటితే దాటేసేదే. నా నోరు రావద్దని అరుస్తోంది. నిజం చెప్పాలంటే నా ప్రాణమంతా రా, పరుగెత్తి రా, ఒక్క ఊపున వచ్చేయ్ అంటోంది. వాడు ఏడుస్తుంటే నా చెవుల్లో రక్తం కారుతున్నట్టుంది. అయినా అదే మాట మళ్ళీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో తెలియదు. గొంతు బొంగురుపోయింది.

గౌసియా నేల మీద కూర్చుంది. కొంచెంసేపటికి లేచి, వెనక్కి తిరిగి, చేను వైపు నడిచింది. చేతులు ఊపుతూ ఆడవాళ్ళందరికీ ఏదో చెప్పింది. జయరాజును కాలితో తన్ని లేపింది. ఒకరి వెనక ఒకరు గుట్ట ఎక్కడం చూసి నేను మైకు వదిలేశాను.

కానీ వాగు రాలేదు.

అన్వర్ అన్న, ఆయన ఇంటావిడ, నేను, అత్త, అందరం గట్టు మీద నిలబడి చూస్తున్నాం. చప్టా ఎండిపోయి అట్లాగే ఉంది. మేకలు దాని మీదుగా ఇవతలికి వచ్చాయి. వాటిని తోలుకొచ్చిన ముసలాయన, ఏమమ్మా అట్ల చూస్తాండారు అని అడిగాడు. అన్వర్ అన్న ఇంటావిడ చంటివాడికి ఆవుపాలు పట్టింది, వాడు సగం తాగి సగం కక్కాడు. "ఇంతసేపట్లో వాళ్ళు దాటి ఇండ్లు చేరుకోనుందురు," అన్నాడు అన్వర్ అన్న, తప్పు పట్టడానికి కాదు, ఊరికే. నాకు కత్తి దిగినట్టయింది. ఇంకా రాలేదు. మా ఆయనకు ఫోను చేసి నానా మాటలు అన్నాను. ఆయన అప్పటికే తిరుగు బస్సులో ఉన్నాడు. చప్టా మీద పోయి నిలబడి నేనే వాళ్ళను పిలుద్దామని రెండుసార్లు కదిలాను. అంతసేపటికి మొదటిసారి మా అత్త నోరు తెరిచి, "వద్దు బిడ్డా," అని నా చెయ్యి పట్టుకుంది.

ముందు చప్పుడు వచ్చింది, రోడ్డు మీద లారీలు వరసగా పోతున్నట్టు. తర్వాత ఎర్రటి నీళ్ళు, వాటి ముందు కొమ్మలు, చెత్త, ఒక విరిగిన ఎద్దుల బండి చక్రం. మేము చూస్తుండగానే చప్టా కనపడకుండా పోయింది. చేను అంచు పోయింది. ఆటో పక్కకు ఒరిగి పడిపోయింది. మా నెత్తి మీద మాత్రం ఇంకా ఎండే. వాన ఆ తర్వాత, సాయంత్రానికి పట్టింది.

ఆ రాత్రి ఎట్లా గడిచిందో చెప్పడం నా వల్ల కాదు. వాడు ఏడుస్తూ నిద్రపోయాడు, లేచి మళ్ళీ ఏడ్చాడు. గుట్ట మీద చెట్లు తప్ప కప్పు లేదు. మా ఆయన తెల్ల చొక్కాతోనే గట్టు మీద వానలో కూర్చున్నాడు, పిలిస్తే రాలేదు. "ఎప్పుడొస్తాదో తెలిసింటే వాళ్ళు ఈ రాత్రి ఇండ్లల్లో పండుకుందురు," అన్నాడు ఒక్కసారి. ఇన్ని వందల ఏళ్ళు ఇంతమంది త్రాసులు పెట్టి, కొండలెక్కి, తంతి కొట్టి నేర్చుకున్నది ఇదేనా అనిపించింది నాకు. కానీ ఆ మాట ఆయనతో అనలేదు. ఆ నౌకాదళం అధికారి గుర్తొచ్చి, లేచి పోయి ఆయన పక్కనే కూర్చున్నాను.

మరుసటి రోజు వాగు తగ్గాక ట్రాక్టరు పోయి అందరినీ తెచ్చింది. తడిసి, వణుకుతూ, కానీ అందరూ ఉన్నారు. ఏరిన పత్తి అంతా పోయింది. జయరాజు దిగుతూనే మా ఆయన మీదికి వచ్చాడు. "ఏందన్నా, అంతసేపు ఎండిన చప్టా ముందర పెట్టుకోని కూర్చోబెడ్తివి! నా ఆటో పాయ!" మా ఆయన తల దించుకుని, "అవునప్పా," అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా మొహం తిప్పుకుని పోయారు.

గౌసియా ఎవరితోనూ మాట్లాడలేదు. వాడిని నా చేతుల్లోంచి తీసుకుని, మసీదు పక్క ఇంట్లో ఒక మూల గోడ వైపు తిరిగి కూర్చుని పాలు పట్టింది. పాలు గడ్డకట్టి దానికి ఒళ్ళంతా జ్వరం. రవిక తడిసి ఆరి మళ్ళీ తడిసింది. వాడు మొదట మొహం తిప్పాడు, తర్వాత అందుకున్నాడు. నేను పక్కన కూర్చుని దాని జుట్టు తుడుస్తున్నాను. ఎంతకీ మాట్లాడకపోతే నాకే ఏడుపొచ్చింది.

"నన్ను తిట్టే," అన్నాను. "మైకు కాడ వాడుండకుంటే నువ్వు చప్టా దాంక ఉరికేదానివి కాదు. నా వల్లనే చచ్చుందువు."

అది తల అడ్డంగా ఊపింది.

"అన్వరన్న చెప్పింది నమ్మలేదక్కా ఎవురూ. నువ్వు చెప్పింది కూడా నమ్మలేదు. నెత్తిన ఎండ, చప్టా మింద చుక్క నీళ్ళు ల్యావు. ఎట్ల నమ్మేది?" వాడి తల నిమిరింది. "వీడు గుక్కపెడితే నాకంటే ముందు నీ గుండె ఆగుతాది. మందు పోసేటప్పుడు ఏడ్చినా ఓర్చుకోలేవు, చేనులో ఉన్నా ఫోను చేసి పరిగెత్తుకోని రమ్మంటావు. వాడు అట్ల ఏడుస్తాన్నా కూడా నువ్వు రావద్దు, రావద్దనే అంటివి. అప్పుడు నమ్మినా."